వేషమునకు దగిన మాట

వంటయిల్లు సర్దుకొని, పిల్లల చదువులు చూచి, రాత్రి యొక గడియసేపు టెలివిజను నెదుట కూర్చుండు గృహిణికి నటుల ముఖములకంటె ముందుగా వారి మాటలే చెవి సోకును. చేతిలో మఱునాటి కూరగాయలో, కుట్టుపనియో యుండును. కన్ను పనిమీద నుండును. చెవి మాత్రము తెరవైపు నుండును. అట్లు వినుచుండగా నొక సంగతి బోధపడును. మాట వినబడిన తోడనే ఆ పాత్ర యెట్టిదో మనకు దెలిసిపోవుచున్నది. ఒక యాస వినబడిన నతడు కథానాయకుడు. మఱియొక యాస వినబడిన నతడు దుర్మార్గుడు. వేఱొకటి వినబడిన నామె పనికత్తె, ఇక నవ్వుటకు సిద్ధపడవలెను. ముఖమైనను జూడకుండ నిట్టి తీర్పు చెప్పుట మన చెవి కెవరు నేర్పిరి? ఈ ప్రశ్ననే నేడు సోదరీమణుల యెదుట నుంచుచున్నాము.

ప్రశ్న క్రొత్తది కాదు. అభినయము ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములని భరతముని నాట్యశాస్త్రమున విభజించెను. ఆంగికము శరీరచేష్ట, ఆహార్యము వేషభూషలు, సాత్త్వికము మనస్సులోని భావము కన్నీరుగా, గగుర్పాటుగా వెలికివచ్చుట, వాచికము మాట. ఏ పాత్ర యే భాష మాటలాడవలెనో కూడ నాతడు నియమించెను. రాజులకును, మంత్రులకును, విప్రులకును సంస్కృతము. స్త్రీలలో బెక్కుమందికి శౌరసేని. క్రింది పాత్రలకు మాగధి మొదలగు ప్రాకృతములు. శూద్రకుని మృచ్ఛకటికమున శకారుడు 'స'కారమునకు బదులు 'శ'కారమును బలుకుచుండును. రాజునకు బావమఱది ననెడి గర్వమును, చదువబ్బని మోటుతనమును ఆ యొక్క యక్షరముననే ప్రేక్షకులకు దెలియును. నటుడు యాసతో నొక మనుష్యుని నిర్మింపగలడనుట కింతకన్న దృష్టాంత మేల?

మాకు జిన్నతనమున నింటియొద్దనే కావ్యనాటకములు చెప్పిరి. ఆ పుస్తకములలో బ్రాకృతవాక్యము వచ్చినచోట దానిక్రింద 'ఛాయ' యని సంస్కృతము అచ్చువేసి యుండును. భవభూతి యుత్తరరామచరితమున రాముడు సంస్కృతము మాటలాడును, సీత ప్రాకృతము మాటలాడును. చదువరులు సీతాదేవి నిజముగా బలికిన మాటను దాటి, క్రిందనున్న ఛాయను మాత్రము చదువుకొని సాగిపోవుట వాడుక. ఛాయ యనగా నీడ. ఆమె మాట యుండగా దాని నీడతో దృప్తిపడుట యన్నమాట. శకుంతల మాటకును నిదియే గతి. అయినను ఆ నాటకములలో నొక గొప్ప మర్యాద గలదు. రాముడు సీత మాట విని నవ్వడు. దుష్యంతుడు శకుంతల ప్రాకృతమును వెక్కిరింపడు. భాషలు రెండైనను గౌరవ మొక్కటియే. వేల యేండ్లక్రిందటి రంగస్థలముమీద మన స్త్రీలకు దక్కినది ప్రాకృతమే గనుక, నొకరి మాటను దక్కువగా జూచుట యెట్టిదో స్త్రీలమగు మనకే ముందుగా దెలియవలెను.

ఆ శాస్త్రనియమము తెలుగు నాటకములలోనికి వచ్చిన విధము గమనింపదగినది. వేదము వేంకటరాయశాస్త్రిగారు 1897లో ప్రతాపరుద్రీయ నాటకమును వెలువరించిరి. అందు ఉన్నతపాత్రములకు గ్రాంథికమును, చాకలి పేరిగాడు మొదలగువారికి వారివారి వాడుకమాటను బెట్టి, దానికి పాత్రోచితభాష యని పేరిడిరి. ఆ సంవత్సరముననే గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము అచ్చయినది. అది 1892లోనే విజయనగరమున బ్రదర్శింపబడి, 1909లో పెంచి వ్రాయబడినది. గురజాడవారు గ్రాంథికమును సింహాసనము మీద గూర్చుండబెట్టలేదు. అగ్నిహోత్రావధానులు, వెంకమ్మ, గిరీశము, మధురవాణి, ఎవరి మాట వారిదే. అందఱిదియు విజయనగర ప్రాంతపు వాడుకమాటయే. ఒకే సంవత్సరమున దెలుగునాట రెండు త్రోవలు దెఱవబడినవి. మొదటి త్రోవలో గొందఱిది భాష, కొందఱిది యాస. రెండవ త్రోవలో నందఱిదియు యాసయే, అందఱిదియు భాషయే. పిమ్మట వచ్చిన మన చలనచిత్రములు చిరకాలము మొదటి త్రోవనే నడచినవని మా యభిప్రాయము. గ్రాంథికము కూర్చున్న పీటమీద కృష్ణా గోదావరీ తీరముల మాట కూర్చున్నది, అంతియే భేదము.

ఆ పీట మన ప్రాంతమునకు దక్కుటకు గారణము మన నాలుకలోని మహిమ కాదు, కాలువనీరు. కృష్ణకు బెజవాడయొద్ద ఆనకట్ట 1855లో బూర్తియైనది. తరువాత దానికి బదులుగా ప్రకాశము బ్యారేజి 1957లో వచ్చినది. నీరు పాఱగా మాగాణి పండినది; మాగాణి పండగా ధనము నిలిచినది; ధనముతో బాఠశాలలు, అచ్చుకూటములు, నాటకసమాజములు వెలసినవి. బందరున నాటకము, తెనాలిలో రామవిలాస సభ, మైలవరమున బాలభారతీ నాటకసమాజము, అన్నిటికంటె ప్రాచీనముగా గూచిపూడిలో భామాకలాపము, ఇన్ని మన చుట్టుపట్లనే యుండెను. మాటలాడు తెలుగుచిత్రము 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చిన పిమ్మట నీ నాటకములవారును, ఈ ప్రాంతపు రచయితలును, ధనికులును మద్రాసు చేరిరి. చిత్రములను ఊరూరికి బంపిణీ చేయు వ్యాపారమునకు విజయవాడ కేంద్ర మయ్యెను. ఎవరు తీయుదురో, ఎవరు వ్రాయుదురో, ఎవరు పంచుదురో వారి మాటయే తెరమీద 'మామూలు మాట' యగుట యాశ్చర్యము కాదు. గుడివాడ ప్రాంతపు అక్కినేని నాగేశ్వరరావు, నిమ్మకూరి నందమూరి తారక రామారావు, నూజివీడున బుట్టిన ఎస్. వి. రంగారావు, నది కావలి యొడ్డున చిఱ్ఱావూరి సావిత్రి, వీరి కంఠములే తెలుగుదేశమున కంతటికి దెలుగు నేర్పినవి.

ఇందు నటుల శ్రమను దక్కువచేయరాదు. పల్లెయందు బుట్టినవారు రంగస్థలము నెక్కవలె ననిన తమ యింటిమాటను విడిచిపెట్టవలసియుండెను. మైకులు లేని దినములలో బద్యము చివరి వరుసవఱకు వినబడవలెను. ఒత్తులు స్పష్టముగా నుండవలెను. శ, ష, స మూడును మూడుగా బలుకవలెను. మా డెల్టా పల్లెలలో వెన్నెలను 'ఎన్నెల' యనువారును, వేడినీళ్ళను 'ఏణ్ణీళ్ళు' అనువారును, పళ్ళెమును 'పల్లెం' అనువారును నేటికిని గలరు. కృష్ణాతీరపు మాటకు యాస లేదనుట మనవారు చెప్పుకొను గొప్పయే. తెరమీద వినబడునది మా పొలములలోని మాట కాదు, మా బడులలోని మాట. నాట్లు వేయు స్త్రీ మాటకు మా తెరమీద గూడ హాస్యపాత్రయే దక్కినది.

యాస నటుని విద్యయే కాని పుట్టుక కాదనుటకు మన ప్రాంతముననే సాక్ష్యములు గలవు. బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావుగారు సత్యభామగా ఎంత ప్రసిద్ధులో మధురవాణిగాను నంత ప్రసిద్ధులు. పురుషుడై స్త్రీ కంఠమును, తెనాలి రంగస్థలమువాడై విజయనగరపు వేశ్య వాక్చమత్కారమును, రెండింటిని వశపఱచుకొనవలసిన పాత్ర యది. కూచిపూడి వేదాంతం సత్యనారాయణశర్మగారు భామాకలాపమున సత్యభామయై తన పేరు తాను చెప్పుకొను ఠీవి వినుటకే జనులు తెల్లవాఱువఱకు గూర్చుండెడివారు. 1955లో కన్యాశుల్కము చలనచిత్ర మయినపుడు గిరీశము రామారావుగారు, మధురవాణి సావిత్రిగారు. ఇద్దఱును మన నదికి జేరువవారే. 1957 నాటి మాయాబజారున సావిత్రిగారు మాయాశశిరేఖగా, అనగా శశిరేఖ రూపముననున్న ఘటోత్కచునిగా నటించిరి. కంఠము సుకుమారము, అందలి బరువు రాక్షసునిది. ఒక నోట నిద్దఱు మనుష్యులను వినిపించుటయే వాచికాభినయము.

రామారావుగారు విజయవాడలో గళాశాల విద్యార్థిగా నుండగా, విశ్వనాథ సత్యనారాయణగారి యాధ్వర్యమున 'రాచమల్లుని దౌత్యము' నాటకమందు నాగమ్మ పాత్ర వహించి, మీసము తీయుటకు మాత్ర మొప్పుకొనక 'మీసాల నాగమ్మ' యనిపించుకొనిరి. ఈ కథ విజయవాడలో నందఱెఱిగినదే. ఆహార్యములోని మీసమునైనను బ్రేక్షకులు నవ్వి మన్నింతురు. వాచికములోని పరాయి యాసను నాయకునియందు మన్నించుటకు మాత్రము తెలుగుతెర కెంతో కాలము పట్టినది.

ఇక నీ విషయములోని కష్టమైన భాగము చెప్పవలసియున్నది. విజయవాడ కనతిదూరమున నున్న కంకిపాడున జన్మించిన కోట శ్రీనివాసరావుగారు 1985లో 'ప్రతిఘటన' యను చిత్రమున దెలంగాణపు యాసతో గ్రూరుడగు నాయకుని పాత్ర ధరించి మిక్కిలి పేరు గాంచిరి. 2015లో పద్మశ్రీ నందుకొని, 2025 జూలైలో దివంగతులైన ఆ మహానటుని ప్రజ్ఞ సామాన్యము కాదు. పరాయిసీమ మాటను బట్టుకొనుట యనగా 'ఏమిటి'కి బదులు 'ఏంది' యనియు, 'వెళ్ళినాడు'కు బదులు 'పోయిండు' అనియు మార్చుట కాదు. ఎక్కడ నూపిరి విఱుచుదురో, కోపము వచ్చినపుడు గొంతు పైకి బోవునో క్రిందికి దిగునో, పెద్దవారియెదుట మాట యెట్లు నలుగునో, అది పట్టువడవలెను. ఆయనకు బట్టువడినది. కాని యా విజయము చూచి పలువురు చిత్రకర్తలు యాసనే దుర్మార్గమునకు గుర్తుగా జేసికొనిరి. ఇది నటుని దోషము కాదు, వాడుకొనినవారి దోషము. అటులనే రాయలసీమవారగు జయప్రకాశ్ రెడ్డిగారు తమ సొంత సీమ మాటతోనే తెరమీద నిలిచిరి; 1999 నాటి 'సమరసింహారెడ్డి' మొదలగు చిత్రములలో ఆ మాటకు లభించినవి పగలు, కత్తులు గల వేషములే. ఉత్తరాంధ్రమాటకు దఱచుగా వంటవాడు, పనికత్తె, అమాయకుడు. కోట్లమంది తల్లులు బిడ్డలను జోకొట్టు మాట తెరమీద మాత్ర మిన్ని యేండ్లు దొంగగను దాసిగను దిరిగినది. తెలంగాణప్రజల మనస్సు నొచ్చిన కారణములలో నిది యొకటి. 2014లో వారి రాష్ట్ర మేర్పడుటకు ముందు సాగిన యుద్యమమున, తెరమీద తమ మాటకు జరిగిన యవమానమును వారు పలుమాఱులు చెప్పుకొనిరి.

తరువాత గాలి మాఱినది. 1979లో 'మా భూమి' తెలంగాణ పల్లెమాటకు గౌరవమిచ్చినను అది యొంటరి ప్రయత్నముగా నుండెను. 2017లో వచ్చిన 'ఫిదా'లో నాయిక భానుమతి బాన్సువాడ పిల్ల. ఆ పాత్ర ధరించిన సాయిపల్లవి తమిళదేశపు కొండప్రాంతమునుండి వచ్చినదైనను మఱియొకరి గాత్రము నరువు తెచ్చుకొనక తానే తెలంగాణపు మాట నేర్చి పలికినది. తెలుగు నాయికల గొంతులు పెక్కు నెరువుతెచ్చుకొన్నవిగా నుండు కాలమున నిది చిన్న సాహసము కాదు. 2021లో 'పుష్ప' నాయకుడు చిత్తూరు మాట మాటలాడెను. ఆ పాత్రకే అల్లు అర్జునునకు జాతీయ ఉత్తమనటుని పురస్కారము లభించినది. 2023లో 'బలగము' వచ్చినది. ఒక ముసలియాయన చనిపోయినాడు. పిండము కాకి ముట్టుట లేదు. విడిపోయిన బిడ్డలు మొగములు చూచుకొనుట లేదు. ఇంతియే కథ. కాకి ముట్టుటకై యెదురుచూడని యిల్లు కృష్ణాతీరమున మాత్ర మేది? చూచిన మా వాడలోని స్త్రీలు కన్నులు తుడుచుకొనుచు బయటికి వచ్చిరి. వారిలో నొక్కరును యాస సంగతి యెత్తలేదు. దుఃఖము మన యింటిది యనిపించినపుడు మాట పరాయిది యనిపింపదు.

అయినను యాస యిపుడు వేడుకవస్తు వగుచున్న దనియు నొక భయము గలదు. నాలుగు మాటలు చల్లి, మిగిలినదంతయు మామూలుగా బలుకుట పులుసులో బెల్లము మఱచి పైన జల్లినట్లుండును. ఆ సీమవారికి వెంటనే తెలిసిపోవును.

ఇది తెరమీది సంగతి మాత్రమే యయిన నింత వ్రాయ నక్కఱలేదు. మా వీథికి శ్రీకాకుళము జిల్లానుండి యొక కుటుంబము వచ్చినది. వారి పిల్ల చదువు బడిలో వార్షికోత్సవమునకు నాటకము వేసిరి. ఆ పిల్లకు బద్యము లన్నియు వచ్చును, కంఠము మంచిది, అయినను బనికత్తె వేషమే యిచ్చిరి. 'నీ మాట దానికే సరిపోవును' అని తోడిపిల్లలు చెప్పిరట. పిల్ల 'ఏటి' అనినపుడెల్ల సభ నవ్వినది. పిల్లయు నవ్వినది. మఱునాటినుండి బడి గుమ్మమువద్దకు దల్లి వచ్చిన, 'నీవు మాటలాడకమ్మా, నేను చెప్పెదనులే' యని ముందుకు బోవుచుండెను. ఆ తల్లి యీ సంగతి మాతో జెప్పుచు గన్నీరు పెట్టుకొనలేదు. 'పిల్ల పెద్దదవుతోంది గదా వదినా' అని మాత్ర మనినది. ఆ మాట మాకు గన్నీటికంటె భారముగా దోచినది. ఒక్క సాయంకాలపు నవ్వునకు ఒక తల్లి నోరు మూతపడినది.

బెర్నార్డు షా యను నాటకకర్త 1913లో బ్రదర్శింపబడిన 'పిగ్మేలియన్' నాటకమున బూలమ్ము పిల్లకు దొరసానుల యుచ్చారణ నేర్పుట కథగా జేసెను. ఆమె నేర్చినది, గెలిచినది. కాని యంతట తా నెక్కడి మనిషినో తెలియక నిలువవలసివచ్చినది. మాట మార్చుట బట్ట మార్చుట వంటిది కాదు.

ఆ వేసవి సెలవులలో వీథిలోని పిల్లలను మా యింట జేర్చి, ఉపాధ్యాయులగు మావారును మేమును గన్యాశుల్కములోని యగ్నిహోత్రావధానుల యింటిఘట్టమును జదివించితిమి. మా పిల్లలకు వెంకమ్మ మాటలు నోట దిరుగలేదు. ఎక్కడ నాగవలెనో, ఎక్కడ సాగదీయవలెనో తెలియలేదు. ఆ శ్రీకాకుళపు పిల్ల చేతికి బుస్తక మీయగా మాటలు కాలువలోని నీటివలె వచ్చినవి. నవ్వవలసినచోట నందఱును నవ్విరి. కాని పిల్లను జూచి కాదు. 'మఱల చదువు' మని మా పిల్లలే యడిగిరి. ఆ పిల్ల బడి గుమ్మమువద్ద దల్లిని మాటలాడనిచ్చుచున్నదో లేదో మే మడుగలేదు. అట్టివి యడుగదగినవి కావు.

సోదరీమణులారా, బిడ్డకు మాట నేర్పునది తల్లి; ఏ మాటకు నవ్వవలెనో నేర్పునదియు దల్లియే. వ్రాయునపుడు తప్పులు దిద్దుడు, పద్యము చదువునపుడు ఒత్తులు స్పష్టముగా బలికింపుడు, అది విద్య. పనికి వచ్చిన స్త్రీ మాటనో, వేఱు జిల్లానుండి వచ్చిన కోడలి మాటనో పిల్లలు వెక్కిరించిన మాత్రము నటనాప్రజ్ఞ యని మురిసిపోవలదు. ఆమె యెట్లు మాటలాడునో అనుకరించిన పిల్లవాని, ఆమె యెందుకు గోపపడినదో, ఎందుకు దుఃఖపడినదో కూడ జెప్పు మని యడుగుడు. చెప్పగలిగిన వాడు నటు డగును. చెప్పలేకున్న నది వట్టి వెక్కిరింత.

మనము పిల్లలకు గంఠస్థము చేయించు గజేంద్రమోక్షమును వ్రాసిన పోతన యోరుగల్లు సీమవాడు. తిక్కన నెల్లూరివాడు. మొల్ల కడపసీమ యాడుపడుచు. గురజాడ విజయనగరమువాడు. వీరిలో నొక్కరైనను గృష్ణాతీరమున బుట్టినవారు కారు. మనకు మొవ్వ క్షేత్రయ్య యున్నాడు. అది చాలును, గర్వింపవచ్చును. కాని తక్కినవారి మాటకు ఛాయ వ్రాసి చదువుకొను నధికారము మన కెవ్వరు నీయలేదు. వేషమునకు దగిన మాట యుండవలె ననుట శాస్త్రము. ఏ మాటకును బుట్టుకతోనే దాసీవేషము వ్రాసిపెట్టియుండలే దనుట ధర్మము. ఆ ధర్మము నేర్పుటకు మన యిండ్లకన్న మంచి బడి లేదు.